ఏడాది వాడినంక చెప్తున్న: పాకాల చలి నుంచి దసరా జమ్మి దాంక నా 8×42 బైనాక్యులర్

ముందే చెప్తున్న, ఇది డబ్బా విప్పంగనే రాసే రివ్యూ కాదు. పార్శిల్ వచ్చిన రోజే ఐదు స్టార్లు కొట్టెటోళ్ళు మస్తుమంది ఉన్నరు. నేను పోయినేడు దసరా అయిన వారానికి కొన్న, మొన్న దసరా దాంక వాడిన, అంటె ఒక చలికాలం ఒక ఎండకాలం ఒక వానకాలం ఇది నిండుగ చూసింది. నా పని ఏందంటె సర్కారు బడులల్ల ఎకో క్లబ్బు పిల్లలను చెరువు కట్టలకాడికి, అడివి అంచులకు తీస్కపోయి చెట్లు పిట్టలు పురుగులు చూపెట్టుడు. ఉండేది హన్మకొండలనే గని వారానికి రెండు మూడు రోజులు ఎండలనో వానలనో ఉంట. అందుకే ఈ బైనాక్యులర్ ఒక్క మనిషి జాగ్రత్తగ వాడుకున్న వస్తువు కాదు, ఒక్కొక్క ట్రిప్పుకు ముప్పై నలభై చేతులు మారింది, జామకాయ తిన్న చేతులు, సర్వపిండి నూనె అంటిన చేతులు అన్నీ దీనికి తాకినయి.

కంపెనీ పేరు రాస్తలేను. పొగిడితె పైసలు తీస్కున్నడంటరు, తిడితె నోటీసు పంపిస్తరు, నాకెందుకు ఆ లొల్లి. 8×42, రూఫ్ ప్రిజం, అంటె గొట్టాలు సూటిగ ఉండే రకం, లోపల ప్రిజాలకు బీఏకే4 అనే మంచిరకం గాజు, ఆన్‌లైన్‌ల 8,400 పడ్డది. ఈ రేటుల దొరికే వాటికి కంపెనీ ఏదైనా మంచిచెడులు ఇంచుమించు ఇవే ఉంటయి, అది నమ్మి చదువుండ్రి.

కొనేముందు నన్ను అందరు అడిగింది ఒక్కటే, 10×50 తీస్కోక ఇదెందుకు, నంబర్ పెద్దదుంటె మంచిగ కనవడతది కద అని. జాతరలల్ల ఎర్రద్దాలు పెట్టి 30×60 అని రాసి అమ్మేటివి చూసి చూసి మనకు అట్ల అలవాటైంది, వాటిల చూస్తె ఎర్రగ మసకమసకగ తప్ప ఏం కనవడది, ఆ నంబర్ ఉత్త అచ్చు గంతే. ముందటి అంకె ఎన్ని రెట్లు దగ్గరికి తెస్తదో చెప్తది, వెనకటిది ముందటద్దం వెడల్పు మిల్లీమీటర్లల్ల. 10 రెట్లు దగ్గరికి తెస్తె నీ చెయ్యి వణుకుడు కూడ 10 రెట్లు అయితది, ఏడో తరగతి పిల్ల 10×50 లాంటి బరువుది ఎత్తి పట్టుకుంటె పిట్ట కాదు భూకంపం కనవడతది. ఇంకొకటి, 42ని 8తోని భాగిస్తె 5.25 మిల్లీమీటర్లు వస్తది, కంటికి అందే వెలుగు గంత వెడల్పుంటది అన్నట్టు. 10 రెట్లదాన్నే బరువు తగ్గించి 10×42 తీస్కుంటె 4.2నే. మధ్యాహ్నం ఈ తేడా ఎవ్వలకు తెల్వదు, తెల్లారకముందు మబ్బుల పోయినోనికి తెలుస్తది.

మబ్బుల అంటె డిసెంబర్‌ల పాకాల చెరువు. నర్సంపేట దాటి పోవుడే, కట్ట మీదికి పొద్దుపొడవక ముందే చేరితె నీళ్ళ మీద పొగలెక్క మంచు ఉంటది, పిల్లలు స్వెట్టర్ చేతులు లోపలికి గుంజుకుని కోడిపిల్లలలెక్క ఒక్కకాడ గుమిగూడతరు. కాకతీయుల కాలంల, గణపతిదేవుడు ఏలేటప్పుడు 1213 ప్రాంతంల కట్టిన చెరువు అంటరు, రామప్ప గుడి శాసనం కూడ 1213దే, అంటె ఒక్క తరంల ఎన్ని పనులు చేసిన్రో చూడుండ్రి. సరే, సంగతికి వస్త. నీళ్ళ నడిమిట్ల నల్లటి చుక్కలు చుక్కలు కనవడ్డయి, ఒక పిల్లగాడు అవి గుర్రపుడెక్క ఆకులన్నడు. బైనాక్యులర్ ఇచ్చిన. చూసి చూసి "సార్, ఆకులు కాదు సార్, ఒక్కోదానికి మెడ పక్కపొంటి సున్నంతోని గీత గీసినట్టుంది" అన్నడు. సూదితోక బాతు మగది. చాక్లెట్ రంగు తల, మెడ పక్కన మీదికి పాకిన తెల్లగీత, ఉత్తర దేశాల నుంచి చలికాలం గడపనీకి వస్తయి. పక్కపొంటి నామాల కోళ్ళు, నల్లటి ఒళ్ళు, నొసటికి తెల్ల నామం. ఇంకా సూర్యుడు రాని ఆ బూడిద వెలుగుల గీత గీతలెక్క కనవడ్డదంటె ఈ రేటుకు ఈ గాజు చానా మంచిదే అని నాకు అనిపిచ్చింది. అంచులల్ల మాత్రం కొంచెం అలుక్కపోయినట్టుంటది, నడుమ పెట్టి చూడాలె.

ఆ పొద్దే దీని పెద్ద లోపం కూడ బయటవడ్డది. ఐదో తరగతి పిల్ల ఒకామె ఎంత చూసినా "రెండు రెండు గుండ్రాలు కనవడుతున్నయి సార్, నడుమ నల్లగుంది" అంటది. నేను మొదలు ఆమెకు పట్టుకొనుడు వస్తలేదు అనుకున్న, రెండుసార్లు కొంచెం గట్టిగనే చెప్పిన, ఇప్పటికీ యాదికొస్తె మంచిగనిపియ్యదు. తప్పు పిల్లది కాదు, గొట్టాలది. రెండు గొట్టాలను మడతపెట్టి దగ్గరికి తెస్తం కద, ఈ మోడల్ 56 మిల్లీమీటర్ల కన్న దగ్గరికి రాదు, చిన్న మొఖం పిల్లలకు కండ్ల నడుమ గంత జాగ ఉండది. కొనే పేజీల ఈ ముచ్చట ఏడనో అడుగున చిన్నక్షరాలల్ల ఉన్నది, నేను చదవలే. నాకు దొరికిన ఉపాయం ఏందంటె ఒక కన్ను మూసి ఒక్క గొట్టంతోని చూడమనుడు, దూరదర్శిని లెక్క. చూస్తరు, గని మజా సగమే. మీరు చిన్నపిల్లల కోసం కొంటుంటె ఇదొక్కటి చూస్కోండ్రి, ఆన్‌లైన్‌ల 50 దాంక దగ్గరికి వచ్చేటివి ఉన్నయి, గాజు కొంచెం తక్కువదైనా పర్వాలేదు.

కండ్లద్దాలు పెట్టుకునేటోళ్ళకు: కంటికాడి రబ్బర్ కప్పులు తిప్పితె లోపలికి పోతయి, అప్పుడు అద్దాలతోనే చూడొచ్చు, బొమ్మ నిండుగనే వస్తది. కుడికంటి దిక్కు ఇంకొక చిన్న చక్రం ఉంటది, మన రెండు కండ్ల పవర్ తేడాను దానితోని సరి చేస్కోవాలె. పిల్లల చేతుల్ల ప్రతిసారి అది తిరిగిపోతది, లాక్ లేదు. నేను దాన్ని నా లెక్కకు పెట్టి చిన్న ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించిన, ఇగ ఎవ్వలు కదిలియ్యలే. కంపెనీ ఇంజినీర్లు చెయ్యాల్సిన పని కరెంటు సామాన్ల దుకాణంల పది రూపాయలకు అయింది.

ఫిబ్రవరి, మార్చిల దీనికి మంచి రోజులు. మోదుగు ఆకులు రాల్చి ఒంటినిండ పూలు పెట్టుకుంటది కద, ఆకుల అడ్డం ఉండది, పూల తేనె కోసం తేనెపిట్టలు, గోరింకలు, చిలుకలు అన్నీ ఒక్కకాడనే వచ్చి వాల్తయి. తాడ్వాయి దిక్కు ఒక బడికి పోయినప్పుడు అసుంటి చెట్టుకింద గంటసేపు నిలవడ్డం. ఆడ ఒక కోయ పిల్లగాడు, ఎనిమిదో తరగతి, బైనాక్యులర్ చేతికిస్తె తీస్కోలే, కండ్లు మూసుకుని ఇని "సార్ ఆ కొమ్మకు వెనక జెముడుకాకి ఉంది" అన్నడు, చూస్తె నిజంగ ఉంది, ఎర్రగోధుమ రెక్కలు. నా 8,400 ఆడ పనికి రాలే. తర్వాత వానికి ఇస్తె మాత్రం గంట దాంక తిరిగియ్యలే, అది వేరే సంగతి.

అట్లనే రామప్పకు తీస్కపోయిన ఒక రోజు, పిట్టల కోసం కాదు, చెరువుకు పోతు పోతు గుడికాడ ఆగినం. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటె ఆడమనుషుల శిల్పాలు, ఎత్తుల ఉంటయి, కిందికెళ్ళి చూస్తె మెడ నొస్తది తప్ప చెక్కుడు సరిగ కనవడది. బైనాక్యులర్‌తోని చూస్తె నగలల్ల ఒక్కొక్క పూస, వేళ్ళ మడతలు, నాగిని చుట్టూ పాము పొలుసులు, మడిమె ఎత్తు చెప్పులు తొడిగిందని గైడ్లు చూపెట్టే ఆమె పాదాలు, అన్నీ అరచేతుల పెట్టుకున్నట్టు. పిల్లలు కొట్లాడుకున్నరు నాకంటె నాకని. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక జనం ఎక్కువైన్రు గని చూరు దిక్కు తలెత్తి చూసేటోళ్ళు తక్కువే. గుళ్ళు చూసేటోళ్ళు కూడ ఒకటి సంచిల పెట్టుకోవచ్చు అని నాకు ఆ రోజే తట్టింది.

ఎండకాలం సంగతి చిన్నగ చెప్త. పొద్దుగాల తొమ్మిది దాటితె నేల మీదికెళ్ళి ఆవిరి లేస్తది, దూరం పిట్ట నీళ్ళల్ల బొమ్మలెక్క ఊగుతది, లక్ష రూపాయల బైనాక్యులర్ పెట్టినా అంతే, గాలి ఆగుతదా. ఇప్పపూలు రాలే టైంల మబ్బుల పోయి ఎనిమిదింటి వరకు తిరిగొచ్చేటట్టు పెట్టుకోవాలె. రోహిణి కార్తెల రోళ్ళు పగులుతయంటరు, రోళ్ళ సంగతి తెల్వదు గని నా బైనాక్యులర్ రబ్బర్ జిగురైంది. ఒకరోజు కార్ల వెనక అద్దంకాడ మర్చిపోయిన, సాయంత్రం తీస్తె బెల్లం ముట్టుకున్నట్టుంది. నెలలు గడిచినా ఆ జిగురు పోలే, దుమ్ము అంటుకుంటది. ఇది సగం నా తప్పు, సగం ఆ రబ్బర్ తప్పు. ఇంకొక మాట, పిల్లలకు ఇచ్చేముందు ప్రతిసారి, ప్రతిసారి అంటున్న, సూర్యుని దిక్కు చూడొద్దని చెప్పాలె. ఒక్క నిమిషం కూడ అవసరం లేదు కన్ను పోవటానికి.

ఇగ వానకాలం. మృగశిర నాడు ఇంట్ల చేపలు తిని రెండు మంచి వానలు పడ్డంక బడులు తెరుస్తరు, సరిగ్గ అప్పుడే ఆరుద్ర పురుగులు బయటికొస్తయి, ఎర్ర మఖమల్ గుండీలు ఇసుకల నడిచినట్టు. చూడనీకి బైనాక్యులర్ ఎందుకంటరా, దీన్ని తిర్లేసి పట్టుండ్రి. పెద్దద్దం దిక్కు కన్ను పెట్టి, చిన్నద్దాన్ని పురుగుకు అంగుళం దూరంల ఆనిస్తె భూతద్దం అయిపోతది. మా పిల్లలు నేలమీద పండుకుని కాళ్ళు లెక్కవెట్టిన్రు, "ఎనిమిది సార్! పురుగుకు ఆరే కద ఉంటయన్నరు మీరు?" అట్ల వాళ్ళే పట్టిన్రు, ఇది పురుగుల జాతి కాదు, సాలీడుకు చుట్టం అని. వెంట్రుకలు నిగనిగమంటుంటె ఒకామె "పెండ్లి చీర సార్" అన్నది. కంపెనీ పేజీల ఈ వాడకం గురించి ఒక్క ముక్క లేదు, నన్నడిగితె పైసలు వసూలైంది ఈడనే.

జూలైల ఐనవోలు దిక్కు ఒక వ్యవసాయ బావి. ఆ బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళ గూళ్ళు పదిహేను దాంక ఉన్నయి. ఒడ్డుకు కూసున్నం, మనిషికి ఐదు నిమిషాలు వంతు. మగ గిజిగాడు పసుపు టోపీ పెట్టుకున్నట్టుంటది ఆ కాలంల, వరి ఆకును అంచుకాడ కొరికి పట్టుకుని ఎగిరితె సన్నటి పేలిక చీలి వస్తది, దాన్ని తెచ్చి ముక్కుతోని కుట్టుపని. సగం గూడు, హెల్మెట్ బోర్లించినట్టు అయినంక ఆగి రెక్కలు కొట్టుకుంట పిలుస్తది, ఆడది వచ్చి లోపలికి దూరి చూస్తది, నచ్చితె ఉంటది, లేకుంటె పోతది. మా ముంగట ఒకటి చూసి పోయింది. అచ్చం మా ఇంటామె ప్లాట్ చూసి పోయినట్టే ఉందని డ్రైవరన్న నవ్విండు. ఇంకొకటి గమనించినం, గూళ్ళు అన్ని చెట్టుకు తూర్పు దిక్కే, నైరుతి గాలి వాన తగలకుండ. ఇవన్ని ఉత్త కంటికి గూడు, పిట్ట అంతే. ఆకు కొరికే ఆ ముక్కు కదులుడు చూడాలంటె 8 రెట్లు కావాలె, చెయ్యి వణకొద్దు, ఫోకస్ చక్రం ఒక్క వేలితోని మెత్తగ తిరగాలె. ఈ మూడు దీనికున్నయి. ఫోకస్ చక్రం మాత్రం నిజంగ మంచిగ చేసిన్రు, ఏడాదైనా వదులు కాలే.

అదే రోజు వాపసొచ్చేటప్పుడు వాన దంచింది. పేజీల "వాటర్ రెసిస్టెంట్" అని ఉంది, నేను దాన్ని వాటర్ ప్రూఫ్ అని చదువుకున్న. రెండిటికి నడుమ ఎంత దూరం ఉందో నెలకు తెలిసింది. తడిసింది తుడిచి సంచిల పెట్టి, ఆ వారం జ్వరం వచ్చి సంచి విప్పలే. ఆగస్టుల చూస్తె ఎడమ గొట్టం లోపల, అద్దం మీద, సాలెగూడు అసుంటి సన్నటి పోగులు. ఫంగస్. అమ్మినోళ్ళను అడిగితె వారంటీల ఫంగస్ రాదన్నరు, వాళ్ళు చెప్పిన సర్వీస్ సెంటర్ ఇంకో రాష్ట్రంల, పంపుడు ఖర్చు మనదే, బాగుచేసే ఖర్చు 2,200, మూడు వారాలు. మూడు సార్లు ఫోన్ చేస్తె మూడు సార్లు కొత్త మనిషి, ప్రతి మనిషికి నేను మొదటికెళ్ళి రామాయణం చెప్పాలె.

ఆఖరుకు మా దగ్గరనే పాత కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయనకు ఇచ్చిన. ముందటద్దం మర విప్పి, తుడిచి, రెండు రోజులల్ల 500కు ఇచ్చిండు. అద్దం తళతళ. గని చూస్తె పది నిమిషాలకు తలనొప్పి, ఒక్క పిట్ట రెండుగ కనవడుతుంది. గొట్టాలు రెండు ఒక్క దిక్కే చూడాలె, విప్పి బిగించినప్పుడు వెంట్రుక వాసి తేడా వచ్చినా మన కండ్లు దాన్ని గుంజి కలపనీకి తిప్పలు పడతయి. మల్ల తీస్కపోయిన. ఆయన దూరం సెల్ టవర్ మీద లైటును చూసుకుంట చిన్న మరలు అటు ఇటు తిప్పి సరి చేసిండు, పైసలు అడగలే, "గిది నా తప్పే బిడ్డా" అన్నడు. సర్వీస్ సెంటర్‌ల ఈ ఒక్క మాట ఎవ్వలన్నా అని ఉంటె నేను ఈ రివ్యూల రెండు పేరాలు తక్కువ రాసెటోన్ని. అప్పట్నుంచి మూత గట్టిగ పడే ప్లాస్టిక్ డబ్బాల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి అండ్ల ఉంచుతున్న. బియ్యంల పెట్టుండ్రి అని ఎవ్వలన్నా చెప్తె ఇనకుండ్రి, ఆ పిండి అద్దాల మూలలల్ల పోయి కూసుంటది. తుడిచేటప్పుడు కూడ ముందు ఊది దుమ్ము లేపి, తర్వాత మైక్రోఫైబర్ బట్ట. తువ్వాలతోని, అంగీ కొంగుతోని రుద్దితె ఇసుక రేణువు గీకుతది, పడ్డ గీత మల్ల పోదు.

మీరు వానల తిరిగేటోళ్ళయితె ఇంకో రెండు మూడు వేలు పెట్టి నైట్రోజన్ నింపింది తీస్కోండ్రి, లోపల మంచు పట్టది. ఐపీఎక్స్7 అని రాసి ఉంటె మీటరు లోతు నీళ్ళల్ల అరగంట తట్టుకుంటదని అర్థం. నేనప్పుడు ఆ రెండు వేలు మిగిలినయి అని సంబురపడ్డ.

దసరా దాంక దీనికి మల్ల కష్టం రాలే. బతుకమ్మ రోజులల్ల పిల్లలతోని గునుగు, తంగేడు ఏరబోయినప్పుడు మెడలనే ఉండె. ఆ మెడ సంగతి కూడ చెప్పాలె, కంపెనీ ఇచ్చిన పట్టీ సన్నటి నైలాన్ తాడు, గంటకు మెడ మీద ఎర్రటి గీత. చెప్పులు కుట్టే తాత దగ్గర పాత బడిసంచి వెడల్పు పట్టీ కోసి కుట్టించిన, 60 రూపాయలు, ఇగ భుజం మీద ఉన్నదో లేదో తెల్వదు.

దసరా నాడు మా అత్తగారి ఊర్ల జమ్మిచెట్టుకాడికి పోతున్నం. పాలపిట్టను చూడాలె కద ఆ రోజు. ఊరి మొగదల ఎవడో బోనుల ఒక పాలపిట్టను పెట్టి చూసినోళ్ళ దగ్గర పైసలు తీస్కుంటుండు, 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం అది నేరం అని చెప్తె పండుగ పూట నాకు నీతులు చెప్తవా అన్నడు. లొల్లి వద్దని మా బామ్మర్ది నన్ను గుంజుకపోయిండు. నాలుగడుగులు వేస్తె పత్తిచేను మీదికెళ్ళి పోయే కరెంటు తీగ మీద ఒకటి ఉండనే ఉంది, బోను లేకుండ. బైనాక్యులర్ తీసిన, చూసిన, ఇగ అయిపోయింది, వెనక లైన్ కట్టిన్రు. చిన్నలు పెద్దలు, మందు తాగినోళ్ళు, కొత్త పెండ్లికొడుకు, అందరు ఒక్కొక్కలు. నడుమ ఒకసారి ఎగిరి మల్ల అదే తీగ మీద వాలింది, ఎగిరినప్పుడు రెక్కల ఆ నీలం విచ్చుకుంది చూడుండ్రి, అందరు ఒక్కసారి "ఓ..." అన్నరు.

ఆఖరున ఒక ముసలామె. చేతికిచ్చిన, పెట్టుకున్నది, అటు ఇటు తిప్పింది, తీసి నా చేతుల పెట్టింది. "నల్లగనే ఉన్నది బిడ్డా." చూస్తె ముందటి మూతలు తీయలే, ఎవడో పిల్లగాడు మూసిపెట్టిండు. ఆ మూతలు దారంతోని కట్టి ఉండవు, ఇది కూడ ఒక లోపమే, ఇప్పటికి ఒకటి పోయింది, రెండోది కూడ పోయేటట్టే ఉన్నది. మూత తీసి మల్ల ఇచ్చినంతల పిట్ట ఎగిరిపోయింది. "పోతె పోనీ, నేను పొద్దుగాలనే చూసిన, మా బాయికాడ," అన్నది.

నాకైతె ఐదుకు మూడున్నర. గాజుకు, ఫోకస్‌కు నాలుగున్నర ఇయ్యొచ్చు, రబ్బర్‌కు, పట్టీకి, మూతలకు, వారంటీకి కోసిన. వచ్చే నెల పాకాలకు పోవాలె, అంతల్ల 50 దాంక దగ్గరికి వచ్చేది ఇంకోటి చిన్నది తీస్కుంటున్న, ఆ ఐదో తరగతి పిల్ల ఇప్పుడు ఆరుల ఉంది, ఈసారి ఆమెకే మొదటి వంతు అని చెప్పి పెట్టిన.